చెన్నకేశవులు మెలొడీ పరీక్ష

హిందీ సినిమా పాటలో ప్రేమ చచ్చి బతికింది! తొంభై ఒకటో సంవత్సరంలో ఈ శుభవార్తను ఆళ్లగడ్డకు మొట్టమొదట చాటిన మహానుభావుడు చెన్నకేశవులు. డిస్కో డబడబలు పోయి మెలొడీ తిరిగొచ్చిందని, ఇక దేశానికి ఢోకా లేదని ఆయన టీకొట్టు దగ్గర తీర్మానించాడు.

ఆయనకు హిందీ ముక్క రాదు. వస్తే కన్నీళ్లు అంత సులువుగా వచ్చేవి కావేమో! టేప్ రికార్డర్ ముందు కళ్లు మూసుకుని, "ఆహా, ఏం విరహం!" అంటూ కండువాతో కళ్లొత్తుకునేవాడు. ఒకసారి బ్యాటరీలు నీరసించి టేపు మూలిగితే దానికీ ఒత్తుకున్నాడు.

రసికత ఆయనది, శిక్ష కొడుకు సురేష్‌ది. పెళ్లిచూపుల్లో పిల్ల పాట పాడటం ఆనవాయితీ కదా! హిందీ మెలొడీ పాడని పిల్ల తన గడప తొక్కరాదన్నాడు తండ్రి. కీర్తన పాడిందని ఆత్మకూరు సంబంధం, మంగళహారతి పాడిందని మహానంది సంబంధం చెడగొట్టాడు. మూడోది నంద్యాల శేషయ్య కూతురు వినీత. ఆ పిల్ల వచ్చి చాప మీద కూర్చోగానే సురేష్ మనసు పారేసుకున్నాడు. ఇదీ పోతే తన బతుకు వ్యర్థమనుకున్నాడు పాపం!

"ఏదమ్మా, ఒక హిందీ మెలొడీ అందుకో" అన్నాడు చెన్నకేశవులు.

వినీత కాసేపు ఆలోచించి రాగం తీసింది.

"గాయ్... ఏక్ పాల్తూ... పశు హై..."

సురేష్ చప్పున గుర్తుపట్టాడు. పాట కాదది! పదో తరగతిలో తనూ బట్టీ పట్టిన ఆవు వ్యాసం! హిందీ పాట ఒక్కటీ రాని పిల్ల, నోటికి వచ్చిన హిందీని అందుకుంది. నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు, తోక, అన్నీ తీయతీయగా సాగుతున్నాయి. చెన్నకేశవులు కండువా తడిసిపోతోంది.

"ఈ పాట మా ఇంట్లో దినామూ మోగుతాంటాది" అన్నాడాయన.

"మా ఇంట్లో క్యాసెట్టే అరిగిపాయ బావా!" అన్నాడు శేషయ్య, తానేం తక్కువ తిన్నానా అన్నట్టు.

"ఒరే సురేషా, మీయమ్మకు అర్థం చెప్పరా" అన్నాడు చెన్నకేశవులు, పక్కనున్న భార్యను చూపించి.

నిజం చెబితే పిల్ల చేజారుతుంది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. అందుకని ఆవు మాటొక్కటి మింగేసి, మిగతాదంతా ఉన్నదున్నట్టు చెప్పాడు.

"చానా సాధువంటమ్మా. పెట్టింది తింటాదంట. ఎవుర్నీ ఏమీ అనదంట. ఇంటిల్లిపాదికీ చాకిరీ చేస్తాదంట. కట్టేసిన చోటనే ఉంటాదంట."

"శభాష్! ప్రేమంటే ఇదీ! మా ఇంటికి ఇట్లాంటి కోడలే కావల్ల!"

వినీత తలెత్తింది.

"అది ఆవు మీద రాసిన వ్యాసం మామా. మీకు కావల్సింది సంతలో దొరుకుతాది, పోయి తోలుకొచ్చుకోండి."

శేషయ్య ముఖం పాలిపోయింది. చెన్నకేశవులు ముఖం మీది కండువా తియ్యనే లేదు. ఈ సంబంధమూ గంగలో కలిసిందనుకున్నాడు సురేష్.

అంతవరకూ నోరు విప్పని తల్లి రామసుబ్బమ్మ పకపకా నవ్వింది. లేచి పోయి పిల్ల పక్కన కూర్చుంది.

"ముహూర్తం పెట్టించన్నా. ఆ ఇంట్లో ఇన్నేండ్లూ ఆవు లాగా నేను పడుండింది చాలు. ఇంగ మనిషిని తోడుకపోతాం."