తీర్పు రాని ఖూనీ కేసు

ఆ శుక్రవారం పొద్దున ఖాసిం వలి వేసుకున్న పథకం చాలా చిన్నది. కారు కడగాలి, ఇంట్లో పనివాళ్లు మామా అని పిలిచే యజమానురాలిని అడిగి సెలవు తీసుకోవాలి, ఎగైలా నుంచి బస్సెక్కి అబ్బాసియాకు పోవాలి. అక్కడ దర్జీ నూర్ బాషా గదిలో ఒక ఖూనీ కేసు తీర్పు వినాలి.

కేసు సినిమాలోది. కువైట్‌లో వీడియో క్యాసెట్లు కొత్తగా చేతులు మారుతున్న రోజులవి. కిందటి శుక్రవారం నూర్ బాషా ఎక్కడినుంచో సినిమాలకు మాటలు వచ్చిన కొత్తలో తీసిన చిత్రం ఒకటి తెచ్చాడు. తెర నిండా వాన పడుతున్నట్టు గీతలు. నాటకాల కంపెనీ యజమానిని చంపాడని ఒక మంగలి మీద కేసు. శవం దొరకలేదు, విగ్గు మాత్రం దొరికింది. వకీలు వాదనంతా రాగాలు తీసి పాడతాడు. జడ్జి సుత్తితో తాళం వేస్తాడు. చెవిటి సాక్షి ప్రతి ప్రశ్నకూ తన పెళ్లి సంగతే చెబుతాడు. నవ్వి నవ్వి అందరికీ కడుపు నొప్పి పుట్టింది. తీరా జడ్జి తీర్పు చెప్పడానికి నోరు తెరవగానే టేపు చిక్కుపడి ఆగిపోయింది.

ఆ వారమంతా ఖాసిం వలి ఈ లోకంలో లేడు. రోడ్డు చివర ఎండమావి మెరిస్తే అందులో బోను కనిపించేది. బోనులో మంగలి ఉండేవాడు. కాసేపటికి ఆ మంగలి తనే అయ్యేవాడు.

ఇప్పుడూ అంతే. కారు అద్దం మీద నీళ్లు జారుతుంటే వాటి వెనక జడ్జి కనిపించాడు. ఖాసిం వలి గుడ్డ పిండుతూ చేతులు జోడించాడు. "మంగలికత్తి నాదే దొరా! చెయ్యి మాత్రం నాది కాదు!"

వెనక పళ్లెం భళ్లుమంది. పనిమనిషి తిరుపాలమ్మ గుండె పట్టుకుని నిలబడింది. "ఏందబ్బీ? ఎవర్నన్నా సంపినావా?"

"ఏమో అక్కా," అన్నాడు ఖాసిం వలి ఇంకా కల దిగకుండానే. "నాకూ తెలీలేదు. ఈపొద్దుతో తేలిపోతాది. అబ్బాసియాలో అంతా ఖలాస్."

తిరుపాలమ్మ ఇంట్లోకి పరుగెత్తింది. ఆమెకు వచ్చిన అరబ్బీ వంటింటికి సరిపోతుంది, ఖూనీలకు చాలదు. ఉన్న మాటలన్నీ పోగేసి, "మామా! ఖాసిం... అబ్బాసియా... కత్తి... ఖలాస్!" అని మెడ మీద చెయ్యి అడ్డంగా గీసి చూపించింది.

మామాకు అర్థమైంది వేరు. అబ్బాసియాలో ఎవరో తన డ్రైవరును నరకడానికి కాచుకుని ఉన్నారు! ఆమె గబగబా బయటికి వచ్చి, కారు తాళాలు లాక్కుని, ఖాసిం వలిని బియ్యం బస్తాల గదిలోకి నెట్టి గడియ పెట్టింది. కబ్ద్‌లో తోట చూసుకునే కొడుక్కి ఫోన్ చేసింది.

గదిలో ఖాసిం వలికి మొదటిసారి మెలకువ వచ్చినట్టయింది. ఏం తప్పు చేశాడు? కువైట్‌లో ఉండనిచ్చే ఇఖామా కాగితం రద్దు చేసి ఊరికి పంపేస్తారా? తలుపు సందులోంచి తిరుపాలమ్మ ఏడుపు వినిపించింది. "నిజం ఒప్పేసుకో అబ్బీ. పోలీసోళ్లు వస్తాండారేమో."

"దేనికి ఒప్పుకోవాల్నో సెప్పక్కా, అట్లనే ఒప్పుకుంటా!"

పైన చిన్న కిటికీలోంచి ఎండ ఏటవాలుగా దిగుతోంది. అందులో పిండి రేణువులు మెల్లగా తిరుగుతున్నాయి. అచ్చం సినిమా హాల్లో వెలుగు. అంత భయంలోనూ అతను దాన్ని చూస్తూ ఉండిపోయాడు.

కొడుకు వచ్చాడు. ఒంటరిగా కాదు, పికప్పుల నిండా బంధువులతో. మగవాళ్లు కూర్చునే దివానియాలో అందరూ గోడల వెంబడి కూర్చున్నారు. ఖాసిం వలిని మధ్యలో నిలబెట్టారు.

"భయపడకు. నిన్ను చంపాలనుకున్నది ఎవరు?" అన్నాడు కొడుకు.

ఖాసిం వలి కళ్ల ముందు మళ్లీ బోను లేచింది. "జడ్జి, బాబా."

కొడుకు ముందుకు వంగాడు. "ఏ జడ్జి?"

"సుత్తితో తాళమేసే జడ్జి. వకీలు పాడతాంటాడు."

ఒక ముసలాయన కాఫీ పొరబోయి దగ్గాడు. అప్పటికి ఆ కేసు తలకెక్కిన ఖాసిం వలి వచ్చీరాని అరబ్బీలో సినిమా అంతా చెప్పాడు. వకీలులా పాడాడు, చెవిటి సాక్షిలా చెయ్యి చెవికి ఆనించాడు. కోపంగా వచ్చిన బంధువులు ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు. తలుపు వెనక నుంచి మామా గొంతు గట్టిగా వినిపించింది. "అయితే చంపాడా, లేదా?"

తెలియదంటే గదిలో ఎన్ని మొహాలు ముడుచుకుంటాయో ఖాసిం వలికి కనిపించింది. అతను కళ్లు మూసుకున్నాడు. మాట దానంతటదే వచ్చింది.

"సచ్చినోడు కోర్టులోనే కూచోనుండాడు మామా! విగ్గు లేకపోయేసరికి ఎవరూ గుర్తుపట్టలేదు!"

దివానియా దద్దరిల్లింది. తిరుపాలమ్మకు ఒక్క ముక్కా అర్థం కాలేదు కానీ, ఉరి తప్పిందని తెలిసి అక్కడే కూలబడి నవ్వింది.

మామా అతన్ని విడిచిపెట్టింది. కాకపోతే వచ్చే శుక్రవారం ఇంకో కేసు చెప్పాలంది, ఆ పై శుక్రవారం ఇంకొకటి. ఖాసిం వలికి సెలవులు పోయాయి. ఇక శుక్రవారం ప్రయాణాలన్నీ కళ్లు మూసుకుని కథల్లోనే సాగాయి, వాటిలో అతను ఎంత దూరమైనా వెళ్లేవాడు.

కొన్నాళ్లకు నూర్ బాషా గేటు దాకా వచ్చి, టేపు బాగయిందనీ తీర్పు ఏమిటో చెబుతాననీ అన్నాడు.

"వద్దులే భాయ్," అన్నాడు ఖాసిం వలి, "ఆ కేసు మేం ఎప్పుడో కొట్టేసినాం."