రెడ్డిగారు ముట్టని పన్నెండు సంచికలు

పెన్న ఇసుకయై పరచుకొని, కాకి సైతము చూరునీడ విడువనొల్లని పందొమ్మిదివందల ముప్పదినాలుగవ సంవత్సర వైశాఖమాస మధ్యాహ్నమున, కడపపట్టణమందలి యొక పెంకుటింటి వసారాలో, ‘వనితావివేకము’ అను మాసపత్రికకు మేనేజరును, గుమాస్తాయు, చిరునామాలంటించు కూలియు తానే యైన జ్ఞానమణి, చందాదారుల పట్టికయను పద్మవ్యూహము నెదుట ఏకాకినియై కూర్చుండెను. రూపాయిన్నర. అంతమాత్రము చేతికందినగాని ఈ నెల సంచికను యంత్రమెక్కింపనని అచ్చుకూటపు యజమాని ఉదయముననే భీష్మప్రతిజ్ఞ చేసి పోయెను.

అంతలో, కోర్టువాయిదాకై వచ్చిన బద్వేలు భూస్వామి, చందా వసూలుకై పంపిన, సొమ్ము చెల్లించి విడిపించుకొనవలసిన వి.పి. టపాను ముమ్మారు తిప్పికొట్టిన మహాయోధుడు, మహానందిరెడ్డి, సంచికల కట్టను చంకనిడి మెట్లెక్కెను.

“జ్ఞానమ్మా, వద్దనేటోళ్లు సంచికలు తిప్పి పంపాలని మీరే అచ్చేసినారు గదా. ఇదో, పన్నెండూ. ఒక్కటీ ముట్టలేదు. ఇంగ నాకు బాకీ యాడిది?”

తాను సంధించిన నియమమే బ్రహ్మాస్త్రమై తనపైకి మరలగా, ఆ వీరనారి కట్టు విప్పి ఒక్కొక్క సంచికను వెలుతురున కెత్తి చూచెను. ఆ అచ్చుకూటమున అంచులు కోయు యంత్రము లేదు. పుటలు మడతలతోనే పోవును, చదువరియే కత్తితో కోసికొనవలెను. పచ్చళ్ల పుటల మడత చెక్కుచెదరలేదు. శిశుపోషణమును అట్లే యుండెను. ధారావాహిక నవల పుటలు మాత్రము పండ్రెండు సంచికలందును ఖండింపబడి యుండెను.

“ఇవి ఎవరు కోసినారు రెడ్డెన్నా?”

“ఎలుకలు కొట్టింటాయి. మా ఇంట్లో శానా ఉండాయి.”

“చదువుకున్న ఎలుకలే. పచ్చళ్లు వదిలిపెట్టి నవల కొట్టినాయి.”

పదేండ్లుగా ఏ న్యాయస్థానమునను వాలని మీసము వాలెను. రెడ్డి మొలసంచి విప్పి, ఏడాది చందా రూపాయిన్నర బల్లపైనుంచి, రసీదు గైకొని, మూడు మెట్లు దిగి నిలిచెను.

“ఆ నవల్లో సుభద్ర బాయిలో పడె గదా. బతికిందా?”

“ఈ నెల సంచికలో ఉండాది. అది కొత్త సంవత్సరం చందా రెడ్డెన్నా. ముందే కట్టల్ల.”

దిగిన మూడు మెట్లును మరల ఎక్కబడెను, మొలసంచి మరల విప్పబడెను.

ఇట్లు మూడువందల పండ్రెండుగురు బాకీదారులలో ఒకడు జయింపబడెను. పత్రిక పుట్టిన ఆరేండ్లకు, అడిగిన దినముననే ముందుగా చందా చెల్లించిన తొలి మానవుడు పట్టికకెక్కెను. జ్ఞానమణి ఎర్రసిరాతో ఒక్క గీత గీసి, కలము తుడిచి, మిగిలిన మూడువందల పదకొండు పేర్లలో మొదటిది చదువసాగెను.