నాలుగు వేల ఏళ్ల పాప

ఆ రోజు సాయంత్రంలోగా నలుగురైనా రాకపోతే ప్రాచీన నాగరికతల గది ఖాళీ చేయించి, విరిగిన కుర్చీలు వేయిస్తానని మ్యూజియం పెద్దాయన తేల్చి చెప్పేశాడు. ఆ గదిలోని వస్తువుల కథ జనానికి చెప్పడమే మట్టి మేడం ఉద్యోగం. ఆఫీసువాళ్లు పెట్టిన పేరది. అక్కడ ఓ పసిదాని సమాధి ఉంది: గుప్పెడు ఎముకలు, పక్కన తల్లి పెట్టిన మట్టి గిలక్కాయ. వాటిని గోతాంలో కట్టి మూల పడేస్తారంటే, ఇంట్లో ఉన్న తన కూతుర్నే ఎవరో ఎత్తుకుపోతున్నట్టుంది ఆమెకు.

పొద్దున్నే బోర్డులు రాసే ఆయనకు ఫోన్ చేసింది. "'నాలుగు వేల ఏళ్ల పాప. ఈ గిలక్కాయ ఎవరిదో గుర్తుపట్టండి. లోపలికి రండి' అని రాసి గేటుకి కట్టు బాబాయ్."

బాబాయ్ తెలివైనవాడు. నాలుగు వేల ఏళ్ల పాప ఎక్కడైనా ఉంటుందా? అమ్మాయి కంగారులో తప్పు చెప్పిందని జాలిపడి, 'నాలుగేళ్ల పాప' అని దిద్ది మరీ కట్టాడు. వెనక గుమ్మం నుంచి వచ్చిన మేడం అది చూడనే లేదు.

కాసేపటికి బోర్డు చదివి బిలబిలమంటూ జనం, వాళ్ల ముందు ఓ కానిస్టేబుల్.

"పాప ఎక్కడమ్మా?"

ఎంత ఆత్రమో అని మురిసిపోయింది మేడం. "లోపల, అద్దాల పెట్టెలో ఉందండి."

"పెట్టెలోనా! ఊపిరాడొద్దూ?"

"గాలి తగిలితే పాడైపోతుందండీ."

"తిండేమైనా పెట్టావుటే?" వెనకనుంచి ఓ ముసలమ్మ.

ఎవరో సరదా మనిషి అనుకుంది మేడం. "మా దగ్గరికొచ్చి పదేళ్లయింది పిన్నిగారూ, ఒక్కసారీ అడగలేదు."

"నాలుగేళ్ల పిల్లని పదేళ్లుగానా! పట్టుకోండి దీన్ని!"

ఆ తోపులాటలో మేడం చెప్పు తెగింది, కానిస్టేబుల్ టోపీ ఎటో పోయింది, అందరూ కలిసి గదిలోకొచ్చి పడ్డారు. అద్దం వెనక ఉన్నది చూశాక అరుపులు ఆగాయి.

"బోర్డు మీద నాలుగేళ్లనే ఉందిగా?" అన్నాడు కానిస్టేబుల్.

"నాలుగు వేలండీ," అంది మేడం.

తిట్టుకుంటూ కొందరు వెనుదిరిగారు. ఒకావిడ మాత్రం వాళ్లను తోసుకుంటూ అద్దం దాకా వచ్చింది. చేతిలో నలిగిన ఫొటో. గిలక్కాయను చాలాసేపు చూసింది.

"మా దానిది కాదు. దానికీ నాలుగేళ్లే. పోయినేడు బజార్లో నా చెయ్యి వదిలేసింది." ఫొటో మడుస్తూ అడిగింది, "తర్వాత ఈ పాప వాళ్లమ్మ ఏం చేసిందమ్మా?"

ఆ సమాధి దొరికిన నగరం ఇటుకల కొలతలూ కాలువల వాలూ గుక్కతిప్పుకోకుండా చెప్పగల మేడం, తెగిన చెప్పు వదిలేసి ఆవిడ పక్కకొచ్చింది.

"తెలీదక్కా. మళ్లీ పొయ్యి వెలిగించే ఉంటుంది. మసిపట్టిన కుండలు దొరికాయి."

ఆవిడ అక్కడే నేలమీద కూలబడింది. వెళ్లబోతున్నవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి వచ్చి, ఆవిడ చుట్టూ నిలబడ్డారు.

అప్పుడొచ్చాడు పెద్దాయన. గదినిండా జనం, మధ్యలో పోలీసు.

"అద్దాలు పగిలితే పూచీ ఎవరిది?"

"చూశారుగా సార్, జనం వచ్చారు! ఇకనుంచి రోజూ వస్తారు."

"అదేనమ్మా నా భయం."

జనం రావడం లేదని మూస్తానన్న గదికి, జనం వచ్చారని తాళం పడింది.