నారింజ పళ్ల నీటిపందికొక్కు

పెన్నకు పెద్ద వరద వచ్చినాక మూడో ఏడు, కార్తీకమాసం. ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే దారిలో ఉన్న ఆ ఊళ్లో ఏ సంగతి చెప్పినా వరదతోనే లెక్క. వరదకు ముందు పుట్టిన దూడ, వరద తర్వాత కట్టిన గోడ. ఆ లెక్కన ఈ సంగతి జరిగింది మూడో ఏట, చెరువు మళ్లీ అలుగు దాకా నిండి ఊరంతా ఎండాకాలం గురించి ధైర్యంగా మాట్లాడుకుంటున్న రోజుల్లో.

ఆ పొద్దున పెంచలనరసయ్య అనుకున్నది ఒక్కటే. గొర్రెలను మర్రిపాడు వైపు బీళ్లకు తోలకముందే తన కంబళి ఎక్కడుందో వెతుక్కోవాలి.

అది మామూలు కంబళి కాదు. వాళ్ల నాయన మందలోని నల్లగొర్రెల బొచ్చు కత్తిరించి, వాళ్లమ్మ వడికి, కలువాయి దగ్గర నేసిన కంబళి. చింతగింజల గంజి పట్టించి ఎండబెడితే చాప మాదిరి నిలబడేదట. దాన్ని పరిచి, దాని మీదే పెంచలనరసయ్యనూ దేవకమ్మనూ కూర్చోబెట్టి తలంబ్రాలు పోయించారు. పెళ్లయిన చాన్నాళ్ల దాకా దులిపినప్పుడల్లా దాని నేతలోంచి ఒకటో రెండో పసుపు బియ్యపుగింజలు రాలేవి. ఆ తర్వాత అదే వానకు గొడుగు, చలికి దుప్పటి, ఈనిన గొర్రె పక్కన వణికే పిల్లకు ఉయ్యాల. ఇప్పుడు దానికి బొక్కలు పడ్డాయి. చినుకు పడితే తడిసిన పొట్టేలు వాసన కొడుతుంది. ఆ వాసన లేకుంటే ఆయనకు నిద్ర పట్టదు. ఆ వాసన ఉంటే ఆమెకు పట్టదు.

"నా కంబళి యాడే?" అన్నాడు.

పొద్దున్నే మొగుడి నోట మూడు మాటలు వినేసరికి దేవకమ్మ ఉలిక్కిపడింది.

"నాకేం తెలుసయ్యా? చెరువుకట్ట మీద పడేసి వచ్చినావేమో, పోయి చూసుకో," అంది పొయ్యి వైపు తిరిగి. పొయ్యిలో మంట బాగానే ఉంది. అయినా ఊదుతూనే ఉంది.

పెంచలనరసయ్య చేతికర్ర అందుకుని కట్ట వైపు నడిచాడు. ఆయన ఎవర్నీ రెండోసారి అడిగే రకం కాదు. మూడో తరగతిలో అయ్యవారు ఎక్కం చెప్పమంటే ఆలోచిస్తూ నిలబడి, ఆ ఆలోచనలోనే బడి దాటి గొర్రెల వెంట పోయినవాడు. మాటల్లో అంత పొదుపైన మనిషి వరదనాటి ఉదయం మాత్రం నడివీధిలో నిలబడి, "కట్ట చెమరిస్తా ఉండాది," అన్నాడు. అంతే, ఊరు ఊరంతా ఇసుకబస్తాలు మోసుకుంటూ పరిగెత్తి కట్ట నిలబెట్టుకుంది. అప్పటినుంచి పెంచలనరసయ్య నోరు తెరిచాడంటే ఊరు చేతిలో పని ఆపి వినేది. ఆయనకు ఉన్న ఆస్తి ఆ మందా, ఆ కంబళీ, ఆ మాటా.

కట్ట మీద కంబళి లేదు. తుమ్మచెట్ల మోళ్ల దగ్గర నీళ్లలో మాత్రం ఇంకేదో ఉంది.

ఆయనకు ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కంటికి కావాలి. ఆపరేషన్ అయిన కన్ను చిట్లించి చూశాడు. గుండ్రటి వీపు, ముదురు బొచ్చు. ముందువైపు పొడుగాటి పళ్లు రెండు, నారింజ రంగువి. చూస్తుండగానే అది గాలికి ఎదురుగా మెల్లగా కదిలింది.

పెంచలనరసయ్యకు నిన్న టీ అంగట్లో సంగతి గుర్తొచ్చింది. చెరువు సంఘం ప్రెసిడెంటు సురేంద్రబాబు ఫోన్లో ఒక వీడియో అందరికీ చూపించాడు. దాని పేరు న్యూట్రియా అంట. ఎక్కడి దేశందో. నీళ్లలో బతికే ఎలుక, పందిపిల్లంత. నారింజ పళ్లు. వాగుల్లో, చెరువుల్లో చేరి గట్లకు బొరియలు చేసేస్తుందంట. "ఇది గానీ మన చెరువులో దిగిందా, మళ్లీ వరద అక్కర్లా మామా. మామూలు వానకే కట్ట పోతాది," అన్నాడు సురేంద్రబాబు. తను ప్రెసిడెంటు అయినప్పట్నుంచి చెరువుకు ఒక ఆపద కూడా రాలేదని అతనికి లోపల వెలితిగానే ఉండేది.

పెంచలనరసయ్య నేరుగా మాలకొండమ్మ టీ అంగడికి పోయాడు. సురేంద్రబాబు అక్కడే బన్ను ముంచుకుంటున్నాడు.

"ఉండాది," అన్నాడు పెంచలనరసయ్య.

"ఏంది మామా?"

"నీ ఎలక. చెరువులో."

బన్ను టీలో మునిగిపోయింది. ఎవరూ తీయలేదు.

ఇంకొకరు చెప్పి ఉంటే, "నువ్వు చూసినావా, నీకు చత్వారం గదా," అని నలుగురు నవ్వేవాళ్లు. చెప్పింది పెంచలనరసయ్య. గంట తిరక్కుండా సగం ఊరు కట్ట మీద ఉంది. సురేంద్రబాబు ఫోన్లో బొమ్మను ఎంత పెద్దది చేయొచ్చో అంత పెద్దది చేసి ఫొటో తీశాడు. నల్లటి మచ్చ, దానికి రెండు నారింజ గీతలు పడ్డాయి. తెలిసిన గ్రూపులన్నిట్లో పెట్టాడు.

ఇక ఊళ్లో ఎవరి నష్టం వాళ్లు తెచ్చి దాని నెత్తిన వేశారు.

"నా బాతులు రెండు కనపడకుండా పోయినాయి. ఇదే తినింది," అంది మాలకొండమ్మ.

"అవి పోయిన ఏడాది పోయినాయి గదక్కా?" అన్నాడు చెరువు చేపల వేలంపాట పాడుకున్న తిరుపాలు.

"అప్పుడు చిన్నదిగా ఉండి ఉంటాది రా. ఇప్పుడు పెరిగింది."

తిరుపాలు ఆలోచనలో పడ్డాడు. "ఈ తూరి వలలో చేప పడకపోయేది కూడా అందుకేనేమోలే," అన్నాడు. ఎండ్రకాయల బొక్కలన్నీ దాని బొరియలయ్యాయి. ఎవరిదో ఒంటి చెప్పు కట్ట కింద దొరికితే, మిగతా మనిషి ఏమయ్యాడని ఒకామె ఏడవడానికి సిద్ధపడింది.

పెంచలనరసయ్య ఒక పక్కన చేతికర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. తను చెప్పింది మూడు ముక్కలు. మిగతాదంతా ఎక్కడినుంచి వస్తా ఉండాదో ఆయనకు అర్థం కాలేదు. కాదని చెప్పాలంటే చాలా మాటలు కావాలి. అన్ని మాటలు ఆయన దగ్గర లేవు.

వార్త వింజమూరు చేరేసరికి ఒక ఎలక రెండయింది. ఉదయగిరిలో చెరువులో పులి దిగిందన్నారు. కలువాయి నుంచి దేవకమ్మ తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, కట్ట తెగి మీ ఇంట్లోకి నీళ్లొచ్చినాయంట గదా? గొర్రెలన్నా దక్కినాయా?" అని బావురుమన్నాడు.

మధ్యాహ్నానికి నీటిపారుదల శాఖ ఇంజనీరు రేణుకాదేవి జీపులో దిగింది. చిన్న వయసు, పెద్ద టోపీ. కట్ట అంతా నడిచి, "బొరియలేం కనపడలేదండీ," అంది.

"నీళ్ల కింద ఉంటాయి మేడం. తూము ఎత్తించండి. సగం చెరువు దించితే బయటపడతాయి," అన్నాడు సురేంద్రబాబు.

"సగం చెరువా? ఎండాకాలానికి నీళ్లో?"

"కట్టే లేకపోతే నీళ్లు యాడుంటాయి మేడం? వరదప్పుడు మీరు లేరు. చూసింది ఎవరో కాదు, మా నరసయ్య మామ. ఆయన మాట ఎప్పుడూ తప్పలా."

అందరూ పెంచలనరసయ్య వైపు చూశారు. ఆయన చెరువు వైపు చూశాడు. వేసవిలో ఆ నీళ్లు లేకపోతే మందను తోలుకుని ఏ సోమశిల దాకానో పోవాలి. అయినా ఆయన చూస్తున్నది నీళ్లను కాదు, దేవకమ్మను.

దేవకమ్మ నీళ్ల అంచున ఆడవాళ్ల గుంపులో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఇంటికి ఇద్దరి వంతు మాటలూ ఆమే మాట్లాడుతుంది. పెళ్లినాడు తలంబ్రాలు పోస్తూ కూడా, "కంబళి గుచ్చుకుంటా ఉండాది," అని పురోహితుడికి చెప్పిన మనిషి. అలాంటిది ఊరంతా ఇంత గోల పడుతుంటే ఒక్క ముక్క అనలేదు. పెంచలనరసయ్యకు మొదటిసారి భయమేసింది.

"తూము ఎత్తే ముందు నేనొక వల వేసి చూస్తా మేడం. ఇంత పులుసు కూడా పెట్టకుండా నా చేపలు కాలవలో పోతాయే," అని తిరుపాలు తన పుట్టిపడవ ఎక్కాడు.

తుమ్మమోళ్ల దాకా పోయి, కళ్లు మూసుకుని వల విసిరాడు. పడింది. "బరువుగా ఉండాది రో!" అని అరిచాడు. కట్ట మీద నలుగురు తాడు పట్టుకుని లాగారు. కర్రలు లేచాయి. ఒకడు సీసాలో పెట్రోలు తెచ్చి, గుడ్డ చుట్టిన కర్రకు పోస్తున్నాడు. చచ్చినదాన్ని కూడా కాల్చకపోతే మళ్లీ పుడుతుందని వాడికెవరో చెప్పారు.

అది ఒడ్డున పడింది. వల తీశారు. బురద, నాచు, బొచ్చు.

అది నడిచింది.

ముందు ఒక జానెడు, ఆగి, ఇంకో జానెడు. నేరుగా సురేంద్రబాబు వైపే. చెరువు సంఘం ప్రెసిడెంటు, "ఎవరూ భయపడకండి!" అని అరుస్తూ జీపు బానెట్టు ఎక్కేశాడు. అక్కడ అప్పటికే రేణుకాదేవి ఉంది. మాలకొండమ్మ తన బాతులను తిన్నదాని మీద పగ మరిచిపోయి ఊళ్లోకి దౌడు తీసింది. పెట్రోలువాడు మాత్రం కర్ర వెలిగించాడు.

పెంచలనరసయ్య కదిలాడు. పరిగెత్తలేదు, ఆయన ఎప్పుడూ పరిగెత్తడు. వెలిగిన కర్రను చేతికర్రతో పక్కకు నెట్టి, దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. నారింజ పళ్లు రెండూ చేత్తో పట్టుకున్నాడు. అవి గుడ్డపీలికలు. ముడి కొసలు. పసుపూ కుంకుమా కలిసి నీళ్లలో నాని ఆ రంగు తిరిగాయి. ఆ ముడి ఎవరిదో ఆయనకు తెలుసు. ఆమె చేతి ముడి ఆయన రోజూ అన్నం మూటకు విప్పుతాడు.

పెళ్లికి పరిచిన కంబళిని వాళ్లిళ్లలో చెత్తలో వేయరు, కాల్చరు. దాని కాలం తీరితే పసుపుగుడ్డ కట్టి, బొట్టు పెట్టి, రాయి కట్టి నీళ్లలో సాగనంపుతారు. దాని కాలం తీరిందని ఎవరు చెప్పాలన్నదే తకరారు.

ముడి విప్పాడు. మడతల్లోకి దూరి, రాయితో సహా మూటను ఈడ్చుకు తిరిగిన చాటంత తాబేలు బయటికి వచ్చి, చుట్టూ ఉన్న జనాన్ని ఒకసారి చూసి, తొందరేమీ లేకుండా చెరువులోకి దిగిపోయింది.

"నాది," అన్నాడు పెంచలనరసయ్య.

"తాబేలా మామా?" బానెట్టు మీదినుంచి సురేంద్రబాబు అడిగాడు.

"కంబళి."

"చెరువులో ఎందుకుండాది?"

ఊరంతా వింటోంది. దేవకమ్మ కళ్లు నేల మీద ఉన్నాయి. ఇప్పుడు నిజం చెబితే పెళ్లి కంబళిని మొగుడికి తెలియకుండా నీళ్లపాలు చేసిందని వాళ్ల కులంలో ఆమెను బతికినన్నాళ్లూ పొడుస్తారు. చెప్పకపోతే ఊరిని పిచ్చిదాన్ని చేసినవాడు తనవుతాడు. వరదనాడు సంపాదించిన మాట అక్కడే ఆ బురదలో పోతుంది.

"నేనే ఏసినా," అన్నాడు. "నానబెట్టేదానికి."

"రాయి కట్టినావే?"

పెంచలనరసయ్య రాయికి కట్టిన తాడు విప్పి పక్కన పెట్టాడు. "బాగా నానాలని," అన్నాడు.

ఒక్కసారిగా కట్టంతా నవ్వింది. "ఏసినోడివి నువ్వే, చూసి భయపడినోడివీ నువ్వేనా మామా?" అని తిరుపాలు పుట్టిలోనే దొర్లాడు. రేణుకాదేవి జీపు దిగి టోపీ సర్దుకుంది. "పైవాళ్లకు ఏం చెప్పమంటారు? బయటి జాతా, స్థానిక జాతా?"

"స్థానికమే మేడం," అన్నాడు సురేంద్రబాబు, ఫోన్లో ఒక్కో గ్రూపూ తెరిచి ఫొటో తుడిపేసుకుంటూ. "కలువాయి రకం."

తూము ఎత్తలేదు. చెరువు నిండుగానే ఉంది. ఇంటిదారిలో మొగుడూ పెళ్లాం ఒకరి వెనక ఒకరు నడిచారు. ఆయన భుజాన కంబళి నీళ్లు కారుస్తోంది. సగం దారిలో దేవకమ్మ అంది, "అది గుచ్చుకుంటా ఉండాదయ్యా. మొదటినుంచీ చెబుతూనే ఉండా."

"ఊఁ," అన్నాడు ఆయన.

మరుసటి రోజు పొద్దున టీ అంగట్లో, "వాన వస్తాది," అన్నాడు. "నానబెట్టుకో మామా!" అని అందరూ నవ్వారు. ఆయన ఇంటికి వచ్చి, కంబళిని వాకిట్లో పరిచి, చిక్కుకున్న నత్తలు ఏరడానికి ఒక కొసన కూర్చున్నాడు. కాసేపటికి దేవకమ్మ వచ్చి, పిలవకుండానే, రెండో కొసన కూర్చుని తనూ ఏరసాగింది. వాళ్లిద్దరూ దాని మీద కలిసి కూర్చోవడం పెళ్లి తర్వాత మళ్లీ అదే. ఒక నత్తతో పాటు ఆమె వేలికి చిన్న గింజ తగిలింది. నల్లబడి, రాయిలా గట్టిబడి ఉంది. తలంబ్రాల బియ్యమో, ఇసుకరాయో. పారేయకుండా కొంగున ముడేసుకుంది.

కంబళికి పొట్టేలు వాసన పూర్తిగా పోయింది, ఇప్పుడు చేపల వాసన కొడుతోంది.