నాలుగు బొత్తాల రోగులు

కంప్యూటర్ ఆటల్లో నర్సింగ్ నేర్చుకున్న మొదటి బ్యాచ్ వార్డుల్లోకి అడుగుపెట్టిన రోజునుంచీ ఆ పెద్దాసుపత్రిలో రోగుల గుండెల మీద నాలుగేసి బొత్తాలు మొలుస్తున్నాయి. ఎవరూ కంగారు పడలేదు. రోగులందరూ ఛాతీ కనబడేలా పడుకోవాలని సూపరింటెండెంటుగారు సర్క్యులర్ ఇచ్చారు, అంతే.

పద్ధతంతా ఆటలో ఉన్నట్టే. బొత్తాల మీద ‘సుగర్ చూడు’, ‘సెలైన్ పెట్టు’, ‘డాక్టర్ని పిలువు’, ‘ధైర్యం చెప్పు’ అని రాసి ఉంటుంది. సరైనది నొక్కితే రోగి “సరైన నిర్ణయం” అంటాడు, విద్యార్థికి మార్కు పడుతుంది. ఆ తర్వాత కోలుకుంటాడా లేదా అన్నది రోగి సొంత విషయం.

తేజేశ్వరి మూడో సంవత్సరం విద్యార్థిని. ఆటలో ఆమెకు తిరుగులేదు. పాపం, ఆఖరి ప్రాక్టికల్లో ఆమె వంతుకు అసిరమ్మ పడింది. సుగరు పుండుతో చేరిన ఈ ముసలామెకు ఏం పొరపాటు జరిగిందో గానీ ఒక్క బొత్తామూ మొలవలేదు. అలాంటివాళ్లను ఓపీలోనే వెనక్కి పంపెయ్యాలి, ఎవరూ చూసుకున్నట్టు లేదు. ఈ పరీక్ష పోతే తేజేశ్వరికి కోర్సే పోతుంది.

“బొత్తాలేవి మామ్మా?”

“ఏటి బొత్తాలు తల్లీ? పొద్దున్నే ఇంజీసను పొడిసేసినారు, టిపినీ ఇంకా రానేదు. కళ్లు తిరుగుతన్నాయి. సెయ్యట్టుకోవే.”

చెయ్యి పట్టుకోవడమనేది ఆటలో లేదు. దిక్కుతోచక పట్టేసుకుంది. ఆ చెయ్యి చెమటతో చల్లబడి వణుకుతోంది. ఒంట్లో సుగర్ పడిపోయిందని ఆ పిల్లకు చప్పున తెలిసిపోయింది. ఎలా తెలిసిందో ఆమెకే ఆశ్చర్యం! పరుగున పోయి పంచదార నీళ్లు కలిపి తెచ్చి తాగించింది. కాసేపటికి ముసలామె లేచి కూచుంది. సంతోషంతో తేజేశ్వరికి ఏడుపొచ్చింది.

పరీక్ష పెడుతున్న సుగుణమణి మేడమ్‌కీ ముచ్చటేసింది.

“వైద్యం బాగానే చేశావమ్మా. కానీ ఏది నొక్కావని రాయను? సున్నా వెయ్యక తప్పదు.”

అసిరమ్మకు ఒళ్లు మండిపోయింది. “నన్ను బతికించిన పిల్లని తప్పించేత్తారేటి?” అంటూ పక్క మంచం ఆవిడ దగ్గర నాలుగు బొట్టుబిళ్లలు అడిగి పుచ్చుకుని గుండె మీద వరసగా అంటించుకుంది. “ఇవిగో, నొక్కవే!”

తేజేశ్వరి ఒకటి నొక్కింది. “సరైన నిర్ణయం” అంది అసిరమ్మ, రోజూ వార్డులో వింటున్న మాటే కదా. రోగికి బొత్తాలు ఆలస్యంగా మొలిచాయని రాసి, మేడమ్ పూర్తి మార్కులు వేసింది.

తేజేశ్వరికి అదే వార్డులో పోస్టింగు ఇచ్చారు. నలభై మంచాలకు ఒక్కర్తే. నొక్కుకుంటూ పోతే పూటలో పని అయిపోతుంది. చేతులు పట్టుకుని కూచుంటే సగం మంది దగ్గరికైనా చేరలేదు. రెండ్రోజులు పట్టుకుని చూసింది. పని మిగిలిపోతోందని పైనుంచి నోటీసు వచ్చాక మానేసింది.

అసిరమ్మ పుండు ఇంకా మానలేదు, గుండె మీది బొట్టుబిళ్లలూ ఊడలేదు. ఒకనాడు మళ్లీ ఇంజెక్షన్ వేళకు పడింది, టిఫిన్ మాత్రం రాలేదు. ముసలామెకు చెమటలు పోశాయి. తేజేశ్వరి రావడం చూసి చెయ్యి చాపబోయి, దుప్పట్లోకి లాగేసుకుంది. తనవల్ల మళ్లీ ఆ పిల్లకు ఎక్కడ మాటొస్తుందోనని ఆవిడ భయం.

తేజేశ్వరి రెండో బొట్టుబిళ్ల నొక్కింది.

“సరైన నిర్ణయం, తల్లీ” అంది అసిరమ్మ, పళ్లు టకటకలాడుతుంటే.

తేజేశ్వరి పక్క మంచం దగ్గరికి వెళ్లింది.