రాతి మీద పాలకవర్గం

కొండల వెనకాల ఓ పెద్ద అడవి. అందులో ఉన్నది ఒకే ఒక్క మడుగు. అది పూడిపోయి, వేసవి వచ్చేసరికి బురదే మిగిలేది.

"పూడిక మేమే తీసుకుంటాం, అనుమతి ఇప్పించండి" అని అడవిపందుల పెద్ద వరాహమ్మ మూడేళ్లుగా పాలకవర్గం చుట్టూ తిరుగుతోంది.

"పరిశీలనలో ఉందమ్మా" అనేవాడు అధ్యక్షుడు ఎలుగుబంటి, ఆవలిస్తూ.

ఆ వేసవి దాహంతో జంతువులన్నీ గోల చేశాయి. కార్యదర్శి నక్క ఉపాయం చెప్పాడు.

"అయ్యా, నీళ్ల సంగతి తెలియాలంటే నీళ్లెక్కువున్న చోటికే వెళ్లాలి. సముద్రం ఒడ్డున జాతీయ ఉద్యానవనం ఉందట. ఆ రాళ్లూ, ఆ అలలూ చూసి తీరాలట! అధ్యయన యాత్ర అని రాసేస్తాను."

"ఖండిస్తున్నాను!" అని లేచాడు ప్రతిపక్ష నాయకుడు ముళ్లపంది.

"మీ పేరూ రాశామండీ."

"దున్న వీపు మీద ముందు సీటు నాకిస్తే సరే."

"ముళ్లతోనా?" అన్నాడు సభ్యుడు దున్నపోతు. ఎవరూ వినిపించుకోలేదు.

నలుగురూ సముద్రానికి చేరారు. నల్లటి రాళ్లు, వాటి మీద విరిగిపడే తెల్లటి నురగ. దారి చూపడానికి పీత వచ్చింది. అది పక్కకి నడుస్తుంటే, ఉద్యానవనంలో అదే నిబంధన కాబోలనుకుని నలుగురూ పక్కకే నడిచారు. నీళ్లలోకి పొడుచుకొచ్చిన పెద్ద రాయెక్కి సమావేశం పెట్టారు.

"పోటు వేళయింది, దిగండి బాబూ!" అంది పీత.

"నేను సభ ముగించకుండా పోటెలా వస్తుంది?" అన్నాడు ఎలుగుబంటి.

వచ్చింది. చుట్టూ నీళ్లు. సముద్రాన్ని ఖండిస్తూ ఏకగ్రీవంగా తీర్మానం చేశారు.

కొన్ని గంటలకి నీళ్లు తీశాయి. "ఇప్పుడు దిగండి!" అని పీత అరిచింది.

"ముందు అధ్యక్షుడు దిగాలి" అన్నాడు ఎలుగుబంటి.

"ముందు ప్రతిపక్షం!" అన్నాడు ముళ్లపంది.

నక్క ఉపసంఘం వేశాడు. ఉపసంఘం తేల్చేలోపు మళ్లీ పోటు. ఇలా తొమ్మిది రోజులు, పచ్చి నాచు నములుతూ.

పదో రోజు కునుకుపాట్లు పడుతూ ముళ్లపంది దున్న మీదకి ఒరిగాడు. దున్న కెవ్వుమని ఎగిరాడు. నలుగురూ ఒకేసారి ఇసకలో పడ్డారు. ఎవరు ముందో తేలకుండానే ఇంటిదారి పట్టారు.

అడవికొచ్చి చూస్తే మడుగు నిండా నీళ్లు! పూడిక తీయగానే పాత ఊట బయటపడిందట. పందిపిల్లలు ఈదుతున్నాయి.

"ఎవరినడిగి తవ్వారు?" ఎలుగుబంటి గర్జించాడు.

"అడుగుదామనే వచ్చామండీ. వద్దనడానికి ఎవరూ లేరు" అంది వరాహమ్మ.

నక్క గబగబా రాసి, పైకి చదివాడు: "అధ్యయన యాత్ర ఫలితంగా మడుగు నిండినది."

ఆశ్చర్యం, జంతువులన్నీ చప్పట్లు కొట్టాయి. "నిజమే బాబూ! ఈసారి మంచుకొండలు చూసి రండి. ఆర్నెల్లుండండి, తొందరేం లేదు. బాటలు బాగుచేసుకోవాలి మేము."

నాయకుల కళ్లు చెమ్మగిల్లాయి. తమ మీద ప్రజలకింత ప్రేమ ఉందని వాళ్లకప్పటిదాకా తెలీదు.

నీతి: నాయకులు ఎంత దూరం వెళితే అభివృద్ధి అంత దగ్గరికొస్తుంది.