పక్కింటి బొగ్గు

ఆ శుక్రవారం పొద్దున సనోబర్ పెట్టుకున్న పని ఒక్కటే. చలికాలానికి నిల్వ ఉండేలా క్యారెట్లు ఇసుకలో పూడ్చిపెట్టాలి. గంపెడు క్యారెట్లు ముందేసుకుని కూర్చుందో లేదో, పక్కింటి ముందు లారీ ఆగింది. తలుపు సందులోంచి చూసింది. పేట బాగోగులు చూసే మహల్లా కమిటీ వాళ్లు జుమ్రద్ వాకిట్లో పేదలకిచ్చే బొగ్గు పోయిస్తున్నారు.

జుమ్రద్ భర్త పోయి మూడేళ్లయింది. ఇద్దరు పిల్లలు. మర్గిలాన్ పట్టు మిల్లులో ఉద్యోగం కూడా పోయింది. ఇవన్నీ సనోబర్‌కు తెలుసు. పండగకు ఆ పిల్లలకు గిన్నెడు పలావు పంపేది తనే. ఇచ్చేది తనైనప్పుడు ఆమెకు ఏ బాధా లేదు. ఇచ్చేది కమిటీ అయ్యేసరికి ఓర్వలేకపోయింది. పైగా లారీ డ్రైవర్‌తో మాట్లాడుతూ జుమ్రద్ నవ్వినప్పుడు కొత్త బంగారు పన్ను తళుక్కుమంది.

"చూశావా? పన్నుకి బంగారం, పొయ్యికి ఊరికే బొగ్గు," అంది లోపలికొచ్చి భర్తతో.

తుర్గున్ పెళ్లిళ్లకు పలావు వండుతాడు. కత్తి నూరుతూనే జవాబిచ్చాడు. "ఆ పన్ను వాళ్లన్న పెట్టించాడటే."

"అంటే అన్న ఉన్నాడన్నమాట. ఉండి కూడా తీసుకుంటోంది."

"మనకి బొగ్గెందుకు? పోయినేటిదే కొట్లో మూలుగుతోంది."

"బొగ్గు కోసం కాదు."

"మరి దేనికి?"

"దానికి వచ్చింది, మనకి రాలేదు. అందుకు."

క్యారెట్లు అక్కడే వదిలేసి కమిటీ ఆఫీసుకు వెళ్లింది. భర్తకు నడుము పడిపోయిందని, ఇల్లు గడవడం లేదని చెప్పింది. కార్యదర్శి ముహయ్యో అంతా రాసుకుంది. "సోమవారం పెద్దాయనా నేనూ వచ్చి ఇల్లు చూస్తాం, వదినా."

ఇల్లు చూస్తారన్న సంగతి సనోబర్ అనుకోలేదు. ఇంట్లో ఫ్రిజ్ ఉంది, కలర్ టీవీ ఉంది, గోడకు వేలాడే ఎర్ర తివాచీ ఉంది. దాచడానికి చుట్టాలిళ్లు దూరం. ఆలోచించగా ఆలోచించగా, బొగ్గు జాబితాలో ఇప్పటికే ఉన్నవాళ్ల ఇంటికి కమిటీ మళ్లీ వెళ్లదు కదా అని తోచింది. ఆదివారం మూడింటినీ మోయించుకుని జుమ్రద్ గుమ్మంలో దిగింది.

"ఇవన్నీ ఏంటక్కా?" అంది జుమ్రద్.

కారణం చెప్పడానికి సనోబర్‌కు నోరు రాలేదు. "మాకు ఇల్లు ఇరుకైపోయింది. నీ దగ్గరుండనీ. వాడుకో, నీవే అనుకో," అంది మర్యాదకు.

జుమ్రద్ కళ్లు తుడుచుకుంది. అరగంటలో తివాచీ నేలమీద పరుచుకుంది. సనోబర్ గోడమీంచి తొంగి చూసింది. తన ఇంట్లో ఏనాడూ అంత అందంగా కనబడని తివాచీ అక్కడ వెలిగిపోతోంది. ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు.

సోమవారం తుర్గున్ నడుముకు శాలువా కట్టుకుని పరుపుమీద పడుకున్నాడు. కమిటీ పెద్ద పోలాత్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "నిన్న పెళ్లిలో నువ్వేగా వండింది? రెండు పళ్లేలు తిన్నాను."

"ఆ డేగిసా దించేటప్పుడే పట్టేసింది, పెద్దాయనా," అని తుర్గున్ అవసరానికి మించి మూలిగాడు.

ముహయ్యో గోడకేసి చూసింది. సున్నం మాసిన గోడ మధ్యలో తివాచీ అంత మేర తెల్లగా ఉంది. "ఇక్కడేదో ఉండాలే?"

"ఉండేది," అంది సనోబర్ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ఇప్పుడు లేదు."

పోలాత్ మనసు కరిగింది. కానీ ఆయన న్యాయం తెలిసినవాడు. "తర్వాతి బొగ్గుకి మన వీధి నుంచి జాబితాలో ఒక్క పేరే. జుమ్రద్ ఇల్లు కూడా చూసి, ఎవరికి ఎక్కువ కష్టమో తేలుద్దాం."

"ఆ పిల్ల ఇంట్లో లేదేమో," అంటూ సనోబర్ వెనకే పరిగెత్తింది.

జుమ్రద్ ఇంట్లోనే ఉంది. ఫ్రిజ్ గుర్రుమంటోంది. టీవీలో ఎవరో పాడుతున్నారు. పిల్లలిద్దరూ ఎర్ర తివాచీమీద పొర్లుతున్నారు. ముహయ్యో నోటుబుక్కు తెరిచి జుమ్రద్ పేరుమీద గీత కొట్టేసింది. సనోబర్ మూడు రోజులుగా ఎదురుచూసిన గీత అదే. తీరా చూస్తే ఆ గీత పడేలా చేసినవన్నీ తన సామాన్లు.

"ఇవన్నీ నీకెక్కడివమ్మా?" అన్నాడు పోలాత్.

"సనోబర్ అక్క ఇచ్చింది, పెద్దాయనా. నీవే అనుకో అంది. కన్నతల్లి కూడా నాకింత చెయ్యలేదు."

అందరూ సనోబర్‌కేసి తిరిగారు. నిజం చెబితే దొంగ దరఖాస్తు బయటపడుతుంది. చెప్పకపోతే తివాచీ పోతుంది. ఆమె నోరు తెరిచి, మళ్లీ మూసింది. పోలాత్ ఆ మౌనాన్ని వినయం అనుకున్నాడు. టోపీ తీసి గుండెలకు అద్దుకున్నాడు.

"ఉన్నదంతా పక్కింటికిచ్చి, ఖాళీ గోడల మధ్య మొగుణ్ణి పడుకోబెట్టుకుని కూడా ఒక్క మాట చెప్పుకోలేదు. ముహయ్యో, ఈవిడ పేరు రాయి. రేపే చాయ్‌ఖానాలో నలుగురికీ చెబుతాను."

"వద్దు పెద్దాయనా," అంది సనోబర్. ఆ రోజంతటిలో ఆమె అన్న నిజమైన మాట అదొక్కటే.

"చూశావా, పొగడ్త కూడా వద్దంటోంది," అన్నాడాయన.

శుక్రవారం సనోబర్ వాకిట్లో లారీ ఆగింది. కొట్లో చోటు లేక బొగ్గు వరండాలోనే పోశారు. మహల్లా అంతటికీ ఆమె దాతృత్వం తెలిసిపోయింది కాబట్టి సామాన్లు వెనక్కి అడిగే దారి మూసుకుపోయింది. నడుము నొప్పి సంగతి కూడా తెలిసిపోవడంతో రెండు పెళ్లిళ్లవాళ్లు వేరే వంటవాణ్ణి పెట్టుకున్నారు. గోడ అవతల జుమ్రద్ ఎవరితోనో అంటోంది: "తుర్గున్ అన్న లేచి తిరుగుతూనే ఉన్నాడు కదా. నా పేరు కొట్టేసి వాళ్లకెందుకు పోశారో."

సాయంత్రం సీరియల్ చూడటానికి సనోబర్ పక్కింటికి వెళ్లింది. జుమ్రద్ ఆమెను ఆప్యాయంగా పలకరించి, తివాచీకి మసి అంటుతుందని, కాళ్లు కడుక్కుని రమ్మంది.